మైనా కుడికన్ను

1943లో వానాకాలం మొదట్లో నన్ను వరంగల్ పశువుల దవాఖానాకు సహాయ వైద్యుడిగా బదిలీ చేశారు. నా పైన జిల్లా అధికారి, నా కింద మందులు కలిపే కంపౌండరు. అధికారి నెలలో సగం రోజులు తాలూకాల తనిఖీలోనే ఉండేవారు. మాది మధిర వైపు. అదీ నిజాం ఇలాకాయే అయినా మా మాట కృష్ణా జిల్లాకు దగ్గరగా ఉండేది. ఉర్దూ బడిలో నేర్చుకున్నదే, రిజిస్టర్లు రాయడానికి సరిపోయేది. హనుమకొండలో ఒక గది అద్దెకు తీసుకుని ఒక్కడినే ఉండేవాడిని. మనుషులతో కలిసే స్వభావం కాదు. కలిస్తే హోదా తగ్గుతుందని కూడా అనుకునేవాడిని.

రోజూ పొద్దున దవాఖానాకు ఖాజా మియా జట్కాలో వెళ్లేవాడిని. వరంగల్‌లోనే కాశిబుగ్గ పేట మనిషి, యాభై దాటినవాడు. అతని ఎర్రని ఆడగుర్రం పేరు మైనా. రోజు మొత్తంలో పనితో సంబంధం లేని మాటలు నాతో మాట్లాడేది అతనొక్కడే.

"ఇంట్ల పొయ్యి ముట్టిస్తాండ్రా సాబ్, లేకుంటే రిజిస్టర్లే తింటాండ్రా?" అనేవాడు. నేను నవ్వకుండా ఏదో జవాబు చెబితే, "మీ మధిర మాటలు నాకే సమజ్ అయితలేవు, ఇగ మైనాకేం సమజ్ అయితయ్!" అంటూ గుర్రాన్ని అదిలించేవాడు. ఆ ఎగతాళి నాకు గుచ్చుకునేది. నెమ్మదిగా నేనూ జర, ఫికర్, ఆరాం వంటి మాటలు వాడటం మొదలుపెట్టాను. ఇక్కడి భాష వచ్చేసిందనుకున్నాను.

మైనా ఎడమకన్ను అంతకు రెండేళ్ల ముందే పోయింది. దసరా దాటాక కుడికన్నుకు అదే జబ్బు మొదలైంది.

గుర్రాలకు వచ్చే ఈ కంటివాపు ఒకసారి వచ్చి పోయేది కాదు. ఉన్నట్టుండి కన్ను మూసుకుపోతుంది, నీరు కారుతుంది, పైపొర నీలంగా మసకబారుతుంది, కనుపాప సన్నని గీతలా ముడుచుకుపోతుంది. కొద్ది రోజుల్లో తగ్గి కన్ను మామూలుగా కనిపిస్తుంది. కొన్ని వారాలకో నెలలకో తిరగబెడుతుంది. ఇలా వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి జట్కావాళ్లు దీన్ని చంద్రుడితో ముడిపెట్టేవారు. మా ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల్లోనూ చంద్రుడి పేరే ఉండేది. కారణం అప్పటికి మాకు తెలియదు. చేతిలో ఉన్న ముఖ్యమైన మందు ఆట్రోపిన్ చుక్కలు. వాటితో కనుపాపను తెరిచి ఉంచాలి. లేకపోతే దాని అంచు వెనకనున్న కటకానికి అతుక్కుపోయి, కటకం తెల్లబడుతుంది. చుక్కలు వేసిన కన్ను వెలుతురుకు ఓర్వదు కనుక గుర్రాన్ని చీకటి కొట్టంలో ఉంచాలి. అసలు జాగ్రత్త పడవలసింది వాపు తగ్గాకనే. కన్ను తేటగా కనిపిస్తున్నా ఇంకో నెల చుక్కలు, నీడ, విశ్రాంతి తప్పవు.

మైనాను పన్నెండు రోజులు దవాఖానా కొట్టంలో ఉంచాను. అన్నాళ్లూ నేను నడిచే వెళ్లాను. ఖాజా మియా తానే వేడినీళ్లలో గుడ్డ ముంచి కాపడం పెట్టేవాడు. అది యుద్ధకాలం. పెట్రోలు దొరక్క బస్సులు తగ్గి, జట్కాలకు గిరాకీ పెరిగింది. తోటివాళ్లు తీరిక లేకుండా తిరుగుతుంటే అతను కొట్టంలో కూర్చున్నాడు. పైగా రెండు కళ్లూ లేని గుర్రానికి సవారీ జట్కా లైసెన్సు ఇవ్వరు. ఆ కన్ను పోతే అతని బతుకుతెరువు పోతుంది.

పన్నెండో రోజున కన్ను తెరుచుకుంది. కంపౌండరు సెలవులో ఉన్నందున నేను రిజిస్టరు రాస్తున్నాను. ఖాజా మియా గుమ్మంలో నిలబడ్డాడు.

"కన్ను తేటగైంది సాబ్. ఇగ ఆరామేనా?"

నేను తలెత్తలేదు. "ఆరాం, ఆరాం. ఇంకో నెల" అన్నాను.

నా ఉద్దేశంలో ఆరాం అంటే విశ్రాంతి. కాశిబుగ్గలో జబ్బుమనిషిని చూడబోయినవాళ్లు "ఆరాం అయిందా" అంటే నయమైందా అని అడగడం. నయమైందని అతను విన్నాడు. ఇంకో నెలకు తెచ్చి చూపించమన్నానని అనుకుని మైనాను ఇంటికి తోలుకెళ్లాడు. చుక్కల సీసా చేతికివ్వవలసింది నేను. రేపు వస్తాడు కదా, అప్పుడిద్దామనుకున్నాను. మర్నాడు అతను దవాఖానాకూ రాలేదు, జట్కాతో నా గదికీ రాలేదు. ఎందుకు రాలేదో నేను కనుక్కోలేదు.

నాలుగో రోజు హనుమకొండ బజారులో మిట్టమధ్యాహ్నం మైనా జట్కా లాగుతూ ఎదురైంది. ఎండ నేరుగా దాని ముఖం మీద పడుతోంది. ఖాజా మియా జట్కా ఆపి, "సలాం సాబ్! ఎక్కుండ్రి, ఇడిసిపెడ్త" అన్నాడు. నా ఆజ్ఞ మీరి, నాకే సలాం చేస్తున్నాడనిపించింది. ముఖం తిప్పుకుని నడిచాను. జబ్బు తిరగబెడితే అతనే వస్తాడనుకున్నాను. సిగ్గుపడవలసిన మాటే కానీ, అనుకున్నది అదే.

అయిదు వారాలకు వచ్చాడు. కనుపాప అంచు అతుక్కుపోయి ఉంది. వెనక కటకం సున్నపు నీళ్లలా తెల్లగా ఉంది. చుక్కలు వేసి చూశాను, పాప కదల్లేదు. కన్ను పోయిందని చెప్పాను.

"మీరే గద సాబ్, ఆరాం అన్నరు?" అన్నాడు. కోపంగా అనలేదు, నిజంగానే అడిగాడు.

ఏం జరిగిందో నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. అయినా, "నేను విశ్రాంతి ఇమ్మన్నాను" అన్నాను. రిజిస్టరులో కారణం ఉన్న గడిలో 'యజమాని నిర్లక్ష్యం' అని ఉర్దూలో చక్కని దస్తూరీతో రాశాను. లైసెన్సుకు పనికిరాదన్న పత్రం మీద సంతకం పెట్టి అతని చేతికే ఇచ్చాను.

ఆ తరువాత కూడా రోజూ నడిచే వెళ్లాను. వేరే జట్కా ఎక్కబుద్ధి కాలేదు. దారి పొడవునా పలకరించేవాళ్లు లేరు. గదికి చేరాక గొంతు పెగల్చవలసిన అవసరం కూడా లేని రోజులు చాలా ఉండేవి. మూడు వారాలు చూసి, ఒక మధ్యాహ్నం కాశిబుగ్గ వెళ్లాను. ఖాజా మియా జట్కా పైకప్పు తీసేసి, మగ్గాల వాళ్ల నూలు మూటలు వేస్తున్నాడు. బండి కదిలేటప్పుడు కళ్లెం పట్టుకుని మైనా ముందు తాను నడుస్తున్నాడు. తప్పు నాదని, ఆ మాటకు ఇక్కడ వేరే అర్థం ఉందని నాకు తట్టలేదని చెప్పాను.

అతను మూట సర్దుతూనే విన్నాడు.

"మాట ఎవలకన్న తప్పుతది సాబ్. దానికి నేనేమనుకోలె" అన్నాడు. "బజార్ల మైనాను సూసిండ్రు. నేను సలాం జేస్తే మొఖం తిప్పుకున్నరు. గప్పుడు ఒక్క మాట అంటే అయిపోతుండె గద? తిట్టినా సరే."

అతను కళ్లెం అందుకుని సాగిపోయాడు.

మర్నాడు రిజిస్టరులో నేను రాసినది కొట్టివేసి, పక్కన 'వైద్యుని సూచన స్పష్టంగా లేదు' అని రాసి సంతకం చేశాను. అధికారి సంజాయిషీ అడిగారు. ఉన్నది ఉన్నట్టు రాసిచ్చాను, హెచ్చరిక వచ్చింది. ఖాజా మియాకు దానివల్ల ఒరిగిందేమీ లేదు.

ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆ తరువాత రెండు పద్ధతులు పాటించాను. నేను చెప్పినదాన్ని యజమాని తన మాటల్లో తిరిగి చెప్పేదాకా పశువును పంపలేదు. చెప్పినట్టు చేయని యజమాని ఎక్కడ కనిపించినా అక్కడే ఆపి కారణం అడిగాను. రెండూ కలిపి రెండు నిమిషాల పని. బజారులో ఆ మధ్యాహ్నం నాకు అంతకంటే ఎక్కువ తీరికే ఉంది.