ఎత్తిన గేట్లు, ఎండిన బత్తాయి

డ్యాం గేట్లు ఎత్తారంటే మా కట్టంగూరు వైపు జనానికి జాతరే. ఆటోలు, కార్లు, ట్రాలీలు అన్నీ కృష్ణా నది దిక్కే పోతాయి. బిర్యానీ డబ్బాలు, ప్లాస్టిక్ గ్లాసులు, ఆపైన సెల్ఫీలు. ఏ నీళ్లు చూడటానికి అంత దూరం వచ్చారో ఆ నీళ్లకే వీపు పెట్టి నిలబడే మనుషులను నేను అక్కడే చూశాను.

రాష్ట్రం వచ్చాక, పొలాలకు ఇరవై నాలుగు గంటల కరెంటు మొదలైన ఏడు, మా పెదనాన్న కొడుకు, నాకు అన్న, మా నాన్నను, అంటే బాపును, నన్నూ కారులో ఎక్కించుకుని డ్యాం దగ్గరికి తీసుకుపోయాడు. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మా అన్న నాకు ఫిజిక్స్ చెబుతాడు.

"సూడు చెల్లె, నీళ్లు ఎట్ల దుంకుతున్నయో! ఎంత కరెంటు పుడతాందో!" అన్నాడు.

గేట్ల నుంచి దూకే నీళ్లతో ఒక్క బల్బు కూడా వెలగదని చెప్పాను. వానాకాలం వరదను గోడ కట్టి ఆపి ఎత్తున నిలబెడతారు. ఆ ఎత్తే అసలు సొత్తు. అక్కడి నుంచి పెద్ద పైపుల్లో కిందికి వదిలితే ఆ ఊపుకు టర్బైన్ తిరుగుతుంది, దానితో జనరేటర్ తిరుగుతుంది, కరెంటు వస్తుంది. మట్టం మరీ పడిపోతే మిషన్లు ఊరికే కూర్చుంటాయి. నిండిన డ్యాంకు గేట్లు ఎత్తక తప్పదు, నిజమే. కానీ అవి మన చేయి దాటిపోయే నీళ్లు. వాటికి చప్పట్లు దేనికి?

"గట్లనా? మరి కరెంటు తీసినంక ఆ నీళ్లల్ల ఏం బలముంటది? చప్పటి నీళ్లు. గా కాలువల కంటే మన బోరు నీళ్లే నయం" అన్నాడు మా అన్న.

పాలలోంచి వెన్న తీసినట్టు నీళ్లలోంచి కరెంటు తీస్తారని ఆయన లెక్క. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. చదవకపోయినా పోతుందని ఈయనను చూశాకే తెలిసింది.

తిరిగి వచ్చేటప్పుడు బాపు మెల్లగా అడిగాడు. "బిడ్డా, మన బోరు సుత గసొంటిదేనా?"

అటువంటిదే అన్నాను. భూమి లోపల వాన నింపిన డ్యాం అది. నింపేది వాన, ఖాళీ చేసేది మనం. అప్పట్లో ప్రతి మోటారుకూ ఆటో స్టార్టర్ ఉండేది. కరెంటు రాగానే మోటారు దానంతట అదే నడిచే డబ్బా. కరెంటు వస్తూ పోతూ ఉన్న రోజుల్లో అది అవసరం. ఇప్పుడు కరెంటు పోవడమే లేదు, కాబట్టి మోటారు ఆగడమే లేదు. బాపు ఇంటికి వచ్చి ఆ డబ్బా పీకేశాడు. బిందెలతో నీళ్లు పోసి బతికించిన బత్తాయి తోట ఆయనది. దాని కోసం ఏమైనా చేసేవాడు, నలుగురిలో నవ్వులపాలు కావడం తప్ప.

మా అన్న బోరు గట్టుకు అవతలే, అడుగున నీళ్లు రెండింటికీ ఒకటే. "కాకా, పుక్కట్ల కరెంటొస్తాంటే బంద్ పెట్టుడేంది? నువ్వు ఆపితే నేను గుంజుకుంట గద!" అని నవ్వాడు. అది పరాచికం కాదు, ముందే చెప్పి చేసే దొంగతనం. హోటల్ దగ్గర టీ తాగేవాళ్లంతా, బిడ్డ మాట విని మోటారు బంద్ పెట్టిండని బాపును ఆడుకున్నారు. కొద్ది రోజులకే డబ్బా మళ్లీ ఎక్కింది. వాడు గుంజుకునే నీళ్లు మనమే గుంజుకుందాం అన్నాడు బాపు. ఆ రోజు నాకు మా బాపు మీద కూడా అసహ్యం వేసింది. ఈ మాట రాయడానికి మొహమాటం లేదు.

ఎండాకాలం సగంలో రెండు మోటార్లూ గాలి గుంజాయి. ఆకులు ముడుచుకున్నాయి, పిందెలు రాలాయి. మా అన్న ఇంకా లోతుకు బోరు వేయిస్తే దుమ్ము లేచింది. కరెంటు మాత్రం ఒక్క నిమిషం కూడా పోలేదు. చివరికి బాపు చెట్లు కొట్టించి ట్రాక్టర్‌కు ఎత్తుతుంటే, మా అన్న గట్టు మీద నిలబడి "కరెంటుకైతే ఏం తక్కువ లేదు కాకా" అని ఓదార్చాడు. ఓదార్పు కూడా ఆయనకు అంతే వచ్చు.

మళ్లీ వానలు పడ్డాయి, డ్యాం నిండింది. మా అన్న కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు.

"కాకా, గేట్లెత్తిన్రు. సూడవోదాం రా."

బాపు కొట్టేసిన బత్తాయి చెట్టు మోడు మీద కూర్చుని ఉన్నాడు. తల ఎత్తలేదు.

"మన గేట్లు మనమే ఎత్తుకుంటిమి గదరా. ఇంక నేనేం సూడాలె?"

మా అన్నకు అర్థం కాలేదు. ముసలోడికి ఒంట్లో బాగాలేదేమో, దవాఖానకు తీసుకుపొమ్మని నాకు చెప్పి, బిర్యానీ చల్లారిపోతుందంటూ కారెక్కాడు.