మండపేట చేలల్లో బుద్ధుడో, తీర్థంకరుడో

గుంటుపల్లి కొండ మీద స్తూపాలు చూసొచ్చి ఈ బ్లాగులో రాసినప్పుడు, దాని కింద ఒకావిడ రెండే వాక్యాల వ్యాఖ్య పెట్టారు. “మా ఊరి చేలో బుద్ధుడున్నాడు. మీరొచ్చి అవునో కాదో చెప్పగలరా?” ఆవిడ పేరు విజయ, మండపేట దగ్గర ఒక ఊళ్ళో అంగన్‌వాడీ టీచర్. ఫోటో పంపమంటే పంపారు. అందులో పసుపు, కుంకుమ, నడుముకి పంచె, మెడలో బంతిపూల దండ, వీటన్నిటి మధ్య మూసుకున్న రెండు కళ్ళు మాత్రమే కనిపించాయి. నేను ఎమ్మే చరిత్ర చదివి, చేరిన రెండు ఉద్యోగాలూ మానేసి, బౌద్ధ శిల్పం మీద ఒక ఆన్‌లైన్ కోర్సు సగంలో ఉన్న మనిషిని. ఆ సగం చదువు అవునో కాదో చెప్పడానికి సరిపోతుందనే అనుకున్నాను. ఊరి పేరు రాయవద్దని అక్కడివాళ్ళు అడిగారు కాబట్టి రాయడం లేదు.

రాజమండ్రి కాంప్లెక్స్‌లో ఏడింటికి పల్లెవెలుగు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్ ఉచితం కాబట్టి బస్సులో నిలబడే చోటు కూడా కష్టంగానే దొరికింది. వేమగిరి, కడియం నర్సరీలు, ద్వారపూడి దాటుకుని మండపేట చేరేసరికి గంటకు పైనే పట్టింది. బస్టాండు ఎదురుగా ఉప్మా పెసరట్టు తిన్నాను. అల్లం పచ్చడి ఇంకొంచెం అడిగితే, పెనం దగ్గరున్నావిడ గిన్నె మొత్తం నా ముందు పెట్టి, మిల్లు లారీలవాళ్ళు వచ్చేలోపు కానివ్వమన్నారు. అక్కడి నుంచి ఆటో. రానూ పోనూ మూడు వందలు అడిగాడు, వెయిటింగుతో కలిపి. విజయ గారు చెప్పిన ఊరివాడుక ప్రకారం సన్యాసి దేవుడి దగ్గరికి అనగానే డ్రైవరు అద్దంలోంచి నన్ను ఒకసారి చూశాడు.

“ఏంటండీ, మొక్కా?”

“కాదండి, చూద్దామని.”

“అదే అనుకున్నానండి. ఆయనకి కోడి పనికిరాదు, కల్లు పనికిరాదు. ఇంక మొక్కేదెవరండి?”

నవ్వాను గానీ పుస్తకం తీసి రాసుకున్నాను. మన డెల్టాలో పొలాల్లో దొరికిన జైన విగ్రహాలను సన్యాసి దేవుళ్ళని పిలుచుకోవడం చాలాచోట్ల ఉంది. నీసు పనికిరాదన్న నియమం ఆ పాత మతం నుంచి మిగిలిందా, లేక కళ్ళు మూసుకుని కూర్చున్న సన్యాసికి కోడిని కొయ్యడం ఎవరికీ మనసొప్పక వచ్చిందా? ఆటో దిగేలోపే మొదటి అయోమయం మొదలైంది.

విజయ టీచర్ గారు కాలువ వంతెన దగ్గర ఎదురుచూస్తున్నారు. నలభై దాటిన మనిషి, తెల్ల చీర, చేతిలో గొడుగు. చేల గట్ల మీద నడుస్తూ అసలు సంగతి చెప్పారు. వాళ్ళది ఊరికి తూర్పున ఉన్న దళిత పేట. అందులో పది పదిహేను కుటుంబాలు అంబేద్కర్ బాటలో బౌద్ధం తీసుకున్నాయి. వైశాఖ పౌర్ణమికి ఈ విగ్రహం దగ్గర కూర్చుని వందనం చేసుకోవాలని వాళ్ళ కోరిక. విగ్రహం ఉన్నది వెంకట్రావు గారనే ఊరి రైతు చేలో. ఆయన తాతగారి నాగలికి దొరికిందట. అప్పటి నుంచి దీపం పెట్టేది ఆ కుటుంబమే. పేటవాళ్ళు మాత్రం కోతలప్పుడు కూడా కింద గట్టు మీదే నిలబడతారు, ప్రసాదం పైనుంచి అందిస్తారు. విజయ గారు వెళ్ళి అడిగితే వెంకట్రావు గారు, చదువుకున్నవాళ్ళెవరైనా వచ్చి అది బుద్ధుడేనని చెబితే నాకేం అభ్యంతరం లేదండి అన్నారట.

“అందుకే మిమ్మల్ని రమ్మన్నానండి” అన్నారావిడ. నేను విగ్రహం చూడటానికి వచ్చాననుకున్నాను. తీర్పు చెప్పడానికి వచ్చానని అప్పుడు తెలిసింది.

నాలుగు స్తంభాల మీద రేకుల షెడ్డు, దాని కింద మోకాలెత్తు సిమెంటు అరుగు, అరుగు మీద స్వామి. వెంకట్రావు గారు భుజం మీద తువ్వాలుతో అప్పటికే అక్కడున్నారు. మర్యాదస్తుడు. నాకు కొబ్బరి బొండం కొట్టించారు, టీచర్ గారికీ కొట్టించారు. నన్ను చెప్పులు విప్పి పైకి రమ్మన్నారు. ఆవిణ్ణి రమ్మనలేదు. ఆవిడ కూడా అడగకుండా అరుగు కిందే గొడుగు వేసుకుని నిలబడ్డారు. అది వాళ్ళిద్దరికీ ఎంత అలవాటంటే, ఇద్దరిలో ఒక్కరి ముఖమూ మారలేదు.

చదువుతున్నవాళ్ళకి ఇక్కడ కొంచెం పాఠం. పద్మాసనం, ఒడిలో ఒకదాని మీద ఒకటి పెట్టిన అరచేతులు, ఉంగరాల జుట్టు, సాగిన చెవులు బుద్ధుడికీ ఉంటాయి, జైన తీర్థంకరులకీ ఉంటాయి. తేడా ఎక్కడంటే, బుద్ధుడి ఒంటి మీద వస్త్రం ఉంటుంది. శిల్పి ఎంత పలచగా చెక్కినా ఎడమ భుజం మీద ఒక అంచు, చీలమండల దగ్గర ఒక మడత తెలుస్తాయి. తీర్థంకరుడు చాలావరకు దిగంబరుడు. తల మీద మూడు గొడుగులు, ఒక్కోసారి ఛాతీ మీద శ్రీవత్సం అనే చిన్న గుర్తు ఉంటాయి. ఆ గుర్తు మన దక్షిణాది విగ్రహాల్లో చాలాసార్లు ఉండదు కూడా. పీఠం మధ్యలో సింహమో శంఖమో లాంటి లాంఛనం ఉంటే ఏ తీర్థంకరుడో కూడా చెప్పేయవచ్చు.

పంచె తీయాలని అడిగాను. వెంకట్రావు గారు ఇంకెవరినీ ముట్టుకోనివ్వకుండా తనే విప్పుతూ, “స్వామికి సిగ్గెక్కువండి, తొందరగా చూసెయ్యండి” అన్నారు. తొందరగా చూడటానికి ఏమీ లేదు. నూనె, పసుపు, దీపం మసి కలిసి వేలెడు మందాన పేరుకుని ఉన్నాయి. వాటి కింద ఎప్పుడో వేసిన నల్ల పెయింటు. పైపెదవి మీద ఎవరో భక్తుడు మీసం కూడా దిద్దాడు. పీఠం సగానికి పైగా కొత్త అరుగు సిమెంటులో కూరుకుపోయింది. తల వెనక రాయి విరిగింది. మిగిలిన అంచు గొడుగుదో, కాంతి వలయానిదో చెప్పలేను. ఛాతీ మొత్తం సిమెంటు.

“రాయి పెచ్చులూడుతుంటే మా నాన్నగారు పూయించారండి. స్వామి గుండెల్లో నీళ్ళు దిగకుండా” అన్నారు వెంకట్రావు గారు.

ప్రేమతోనే పూయించి ఉంటారు. ఆ ప్రేమ సరిగ్గా నాకు కావలసిన చోట గట్టిపడి కూర్చుంది.

ఫోన్‌లో టార్చి వేసి పక్కగా పట్టుకున్నాను. ఏటవాలు వెలుతురులో ఎడమ భుజం నుంచి చంక పక్కగా ముంజేతి దాకా సన్నని గీత తేలింది. వస్త్రం అంచు! కింద నుంచి విజయ గారు నా ముఖమే చూస్తున్నారు. నోరు తెరవబోయేలోపు వెంకట్రావు గారు వంగి చూసి, అది అతుకు అన్నారు. నాగలికి దొరికినప్పుడు స్వామి రెండు ముక్కలట. ఆయనే గోరుతో గీకితే కొంచెం సిమెంటు పొడి రాలింది. అయితే గీత చివర, ముంజేతి దగ్గర, అతుకు ఆగిపోయాక కూడా ఇంకో అంగుళం సాగినట్టుంది. అది రాయిలో ఉందా, నా కోరికలో ఉందా? ఆయన్ని అడిగి చీలమండలు తడిమాను. మడత తగల్లేదు. పెయింటు కింద ఉందేమో, అసలే లేదేమో. మళ్ళీ చూశాను. చూసిన ప్రతిసారీ జవాబు మారింది.

బుద్ధుడని చెప్పేస్తే ఏం పోతుంది? ఇక్కడ నా మాట కాదనేవాళ్ళు లేరు. పౌర్ణమికి పేటవాళ్ళు వచ్చి కూర్చుంటారు. ఇంత మంచి అబద్ధం చెప్పే అవకాశం నాకు మళ్ళీ రాదనిపించింది. కానీ రేపు ఇంకెవరో నాకంటే ఎక్కువ చదివినవాళ్ళు వచ్చి కాదంటే, పేటవాళ్ళని ఆ అరుగు మీంచి దించేది కూడా నా అబద్ధమే అవుతుంది.

“ఖాయంగా చెప్పలేనండి” అన్నాను, ఇద్దరినీ చూడకుండా. “సిమెంటు తీసి, రాయి శుభ్రం చేస్తే తప్ప తెలియదు. ఇప్పుడు కనిపిస్తున్నంతలో అయితే... వస్త్రం జాడ తేలలేదు కాబట్టి, తీర్థంకరుడు కావడానికే ఎక్కువ అవకాశం.”

వెంకట్రావు గారు పంచె మళ్ళీ కడుతూ తల పంకించారు. ఆయన గొంతులో గెలిచిన దర్పం లేదు, బరువు దిగిన తేలికదనం ఉంది. “చూశారా టీచర్ గారూ. జైనుల స్వామంట.”

విజయ గారు గొడుగు మూశారు. పిల్లల హాజరు తీసుకున్నంత మామూలుగా అడిగారు. “మరి మీరు జైనులాండీ?”

ఆయన నవ్వబోయారు. మాది అనబోయారో, మా తాతగారు అనబోయారో, “మా” దగ్గరే మాట నిలిచిపోయింది. విజయ గారు చెప్పులు విప్పి, వాటిని గట్టు పక్కన జతగా పెట్టి, చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తిపట్టుకుని అరుగు మీదికి ఎక్కారు. స్వామి ఎదురుగా నిలబడ్డారు. మొక్కలేదు, కళ్ళు మూసుకోలేదు, ఊరికే చూశారు. ఇంత దగ్గరగా చూడటం ఆవిడకి అదే మొదటిసారి. వెంకట్రావు గారి చేతుల్లో పంచె కొస అలాగే ఉండిపోయింది. చివరికి ఆయన ఆవిడ పాదాల వైపు చూసి, “చూసుకోండమ్మా, నూనె పడింది, జారుద్ది” అన్నారు.

అది ఒప్పుకోవడమో, హెచ్చరికో నాకు ఇప్పటికీ తెలియదు. మధ్యాహ్నం బస్సులో కూర్చుని ఆ మాట ఎన్ని రకాలుగా పలికి చూసుకున్నానో. పౌర్ణమి ఇంకా రాలేదు. ఆ రోజు ఏమవుతుందో విజయ గారికీ తెలియదట, ఆవిడేమీ కంగారుపడటం లేదు. ఫోటోలు పెద్దవి చేసి చూస్తూనే ఉన్నాను. ఒక రాత్రి ముంజేతి గీత వస్త్రంలా కనిపిస్తుంది, మర్నాడు పొద్దున గీతే కనిపించదు. విగ్రహం ఎవరిదో తేలితే అంతా తేలుతుందని మేం ముగ్గురం అనుకున్నాం. ముగ్గురిలో ఆ ప్రశ్నను అక్కడే వదిలేసి అరుగు ఎక్కింది ఒక్క టీచర్ గారే. నేనింకా ఆ ప్రశ్న పట్టుకుని కిందే ఉన్నట్టుంది.

పొలాల్లో, గుళ్ళ దగ్గర ఇలాంటి విగ్రహాలు చూడటానికి వెళ్ళేవాళ్ళకి ఒక సూచన. దీపం పెట్టేవాళ్ళకి ముందే ఫోన్ చేసి, అభిషేకం ఏ రోజో కనుక్కుని ఆ పొద్దున్నే వెళ్ళండి. స్వామికి నీళ్ళు పోశాక, కొత్త పసుపు పూసేలోపు రాయి కాసేపు రాయిలాగే ఉంటుంది.