జిగురక్క నిమ్మగడ్డి నీళ్ళు

ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, సొంత పేరు మరుగున పడేంతగా అతుక్కుపోయింది. జిగురక్క అని పెట్టాక ఇంక ఊడుతుందా?

మందారాకులు నలిపి నీళ్ళలో పిసికి పలచని గుడ్డలో వడగడితే పచ్చటి జిగురు దిగుతుంది. అందులో మెత్తగా పొడి చేసిన ఓట్సు, కలబంద గుజ్జు కలిపి చిలికితే ఆమె చేసే కుక్కల స్నానపు మందు తయారు. పాదాలు పగిలిన కుక్కలకు కొబ్బరినూనె, తేనెమైనం కరిగించిన లేపనం వేరే ఉంటుంది. రెండింటికీ హంగూ లేదు, ఆర్భాటమూ లేదు. అన్నిటికన్నా పెద్ద చిక్కు, స్నానపు మందుకు నురగ రాదు.

"నురగ లేకుండా ఏం స్నానమమ్మా, ఉప్పు లేని కూరలాగా?" అనేవారు కుక్కల్ని తెచ్చినవాళ్ళు.

"మీ కుక్క ఏమైనా అడిగిందా నురగ?" అనేది జిగురక్క, తల ఎత్తకుండా.

ఆమె ఈ పనిలోకి కుక్కల మీద ప్రేమతో రాలేదు. తన చేతులు కాపాడుకోడానికి వచ్చింది. పెళ్ళయిన కొత్తలో బట్టలుతికే దుకాణంలో పనిచేసేది. పొద్దస్తమానం సబ్బు నీళ్ళలో నానీ నానీ వేళ్ళ సందులు చీలిపోయాయి. చిటికెడు ఉప్పు తీసి కూరలో వేయాలన్నా ప్రాణం పోయేది. ఏ మందూ పడక, దుకాణం వెనక మందార చెట్టు ఆకులు పిసికి ఆ జిగురుతోనే చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. మంట తగ్గింది. ఆ దుకాణం గుమ్మంలో ఓ కుక్క పడుకుని ఉండేది. బట్టలుతికిన నీళ్ళే దాని మీదా గుమ్మరించేవాళ్ళు. అది పక్కలు నెత్తురొచ్చేలా గోక్కుంటుంటే చూసి, 'నీదీ నా జబ్బేనా?' అనుకుని మిగిలిన జిగురు దానికి పూసింది. వారం తిరిగేసరికి ఆ కుక్క ఆమె వెనకే ఇంటికొచ్చేసింది. దాని వెనక మిగతా కుక్కలూ, వాటి మనుషులూ వచ్చారు.

భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. నోటికి మూత లేని మనిషి. "మా ఇంట్లో గిన్నె తెరిచే ముందు అడగాలండోయ్, అది నాకా కుక్కకా అని," అనేవాడు ఎవరొచ్చినా.

"తేడా తెలియకపోతే తినెయ్యండి. జుట్టన్నా నిగనిగలాడుతుంది," అనేది ఆమె. ఆయనకు బట్టతల.

వెనక వాకిట్లో ఆమె పని. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు, కాళ్ళు జారకుండా అందులో రబ్బరు పట్టా, గోడకు వరసగా మేకులు. ఒక్కో మేకుకు ఒక్కో కుక్క తువ్వాలు. ఏ మందు కొత్తగా చేసినా ముందు తన మోచేతి మడతలో రాసుకుని, వంటంతా అయ్యేదాకా ఉంచి చూసుకునేది. దురద పెట్టకపోతే కుక్క పొట్ట మీద చిటికెడు. అప్పటికీ ఎర్రబడకపోతేనే ఒంటికి. ఎదురుగా ఎవరు నిలబడ్డా మొహం కన్నా ముందు చేతులు చూసేది. ఆమెకు లోకమంతా చర్మమే.

ఆమె దగ్గరికి వచ్చిన కుక్కల్లో ముసలిది బ్రేకు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన పెద్దాయనది. వీధిలో అందరికీ ఆయన డ్రైవరు బాబాయి. షికారుకు తీసుకెళ్తే నాలుగడుగులు వేసి ఉన్నట్టుండి ఆగిపోతుందని దానికా పేరు పెట్టాడు. వయసు మీదపడి దానికి రెండు కళ్ళూ పోయాయి. ఆయన కోడలు కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. "ఊరందరికీ చూపు అమ్ముతావు, మన బ్రేకుకు ఓ జోడు పట్టుకురామ్మా," అని ఏడిపించేవాడు. ఆమె నవ్వేది. ఇప్పుడు నవ్వడం లేదు.

"కోడలు కడుపుతో ఉంది కదా, మంచినీళ్ళు తాగినా కక్కేస్తోంది," అన్నాడు బాబాయి, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని. బ్రేకు ఒళ్ళంతా పొట్టు రాలుతోంది, ముతక వాసన. పశువుల డాక్టరు మాత్రలిచ్చి, ఘాటు సబ్బులు వాడొద్దన్నాడట. "ఇది గదిలోకొస్తే చాలు, పిల్ల బాత్రూములోకి పరుగు. 'ఇంకో వారం చూస్తాను మామయ్యా, వాసన పోకపోతే ఊరి బయట కుక్కల ఆశ్రమంలో దింపి రండి' అంది. తప్పు తనది కాదమ్మా. కానీ కళ్ళులేనిదాన్ని ఎక్కడని దింపను?"

"వాసన పోవాలి, అంతేగా?"

"పోతే చాలదు, మంచి వాసన రావాలంది."

జిగురక్క తన మందుల్లో ఎప్పుడూ వాసన కలపలేదు. ఈసారి కలిపింది. పెరటి కుండీలోని నిమ్మగడ్డి కోసి మరిగించి చల్లార్చింది. మోచేతికి రాసుకుని చూసింది, బ్రేకు పొట్టకు రాసి చూసింది. చర్మం ఏమీ అనలేదు. స్నానమయ్యాక ఆ నీళ్ళే ఒంటి మీద పోసింది. అరకొర పని ఎందుకని అది పడుకునే పట్టా, కింద పరిచే బాబాయి పాత చొక్కా, మెడపట్టీ అన్నీ తెప్పించి అందులోనే ముంచి ఆరేసింది.

ఆ పూటే కోడలు ఫోన్ చేసింది. "అక్కా, దాని పక్కనే కూర్చుని అన్నం తిన్నాను తెలుసా?"

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. మర్నాడు సాయంత్రం బాబాయి ఒక్కడే వచ్చాడు, మొహం వేలాడేసుకుని.

"ఒళ్ళు బంగారంలా ఉందమ్మా. బుర్రే పోయింది. నీళ్ళ గిన్నె పక్కనే నిలబడి నీళ్ళ కోసం ఏడుస్తుంది. తన పట్టా మీద తనే గుర్రుమంటుంది. ఇల్లంతా మూలమూలా తడిపేసింది. దాంట్లో కాలేసి కోడలు పడబోయింది. గోడ దొరకబట్టి సరిపోయింది. మా వాడు పొద్దున్నే కారులో తీసుకెళ్ళి దింపేస్తానన్నాడు. నేనేమనను?"

జిగురక్క ఆయన వెంటే వెళ్ళింది. వెళ్ళగానే బ్రేకు పొట్ట, చంకలు, చెవుల లోపల వెతికింది. ఎరుపు లేదు, పొక్కు లేదు. చర్మం బాగుంటే ఇంకేం పాడైందో ఆమెకు అంతుబట్టలేదు. కుక్క ఆమె చెయ్యి వాసన చూసి, తెలియనట్టు మొహం తిప్పుకుంది. అది మనసుకు తగిలింది.

సోఫాలో ఒరిగిన కోడలు అంతసేపూ చూస్తూనే ఉంది. "అక్కా, దానికిది వేరేవాళ్ళ ఇల్లు అయిపోయిందేమో," అంది.

"అంటే?"

"కడుపొచ్చినప్పట్నుంచి నాది కుక్క ముక్కు అయిపోయింది. మొన్న షాపులో నేల తుడిచే మందు మార్చారు. లోపలికి అడుగుపెట్టి, ఇది మా షాపు కాదేమో అని వెనక్కొచ్చేశాను. కళ్ళున్నదాన్ని, నేనే అలా అయితే..."

జిగురక్క చేతిలో మెడపట్టీ అలాగే ఉండిపోయింది. పట్టా, చొక్కా, మెడపట్టీ, ఆఖరికి కుక్క ఒళ్ళు కూడా ఒకటే వాసన. ఆమె మోచేతిని అడిగింది, పొట్టను అడిగింది. ముక్కును అడగలేదు.

"అయ్యో," అన్నాడు బాబాయి మెల్లగా. "అన్ని స్టాపులకీ ఒకే బోర్డు పెట్టేశామన్నమాట."

"పెట్టింది నేను బాబాయ్," అంది జిగురక్క, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుంటూ. "ముందు కాసిని గోరువెచ్చటి నీళ్ళు ఇప్పించండి."

నిమ్మగడ్డి వాసన పోయేదాకా బ్రేకునూ, దాని పట్టా, మెడపట్టీలనూ ఉత్త నీళ్ళతో కడిగింది. బాబాయి ఒంటిమీద చొక్కా విప్పి నేల మీద పరిచాడు. బ్రేకు దాన్ని అటూ ఇటూ వాసన చూసి, ముక్కు కాలర్లో దూర్చి, పెద్ద నిట్టూర్పుతో కూలబడింది. కోడలు కొంగు అడ్డం పెట్టుకుని దగ్గరికొచ్చింది, కొంగు కొంచెం తీసింది.

"తడి కుక్క వాసన. ముందటి ముతక కంపు లేదు. ఇది ఓర్చుకోగలను." ఒక్క క్షణం ఆగి అంది, "ఆ నిమ్మగడ్డి మాత్రం పారెయ్యకండి. అన్నిచోట్లా కాకుండా ఒక్కచోటే పెడితే?"

"నీళ్ళ గిన్నె దగ్గర," అంది జిగురక్క.

"వాకిలి తలుపు పక్కన కూడా. తడపాల్సి వస్తే బయటికి దారి తెలియాలిగా."

"రెండు స్టాపులు," అన్నాడు బాబాయి, బనీనుతోనే నిలబడి.

వాకిలి తలుపు పక్కనే నీళ్ళ గిన్నె పెట్టి, నిమ్మగడ్డి నీళ్ళలో ముంచిన గుడ్డముక్క తలుపు గొళ్ళేనికి కట్టారు. రెండు స్టాపులూ ఒకటయ్యాయి.

పొద్దున్నే జిగురక్క వెళ్ళేసరికి బాబాయి కొడుకు కారు తాళాలు వేలికి తిప్పుతూ నిలబడి ఉన్నాడు. బ్రేకు చొక్కా మీద నుంచి లేచింది. ముందు చెప్పుల స్టాండుకు గుద్దుకుంది. కొడుకు, 'చూశారా' అన్నట్టు తండ్రి వైపు చూశాడు. అది వెనక్కి తగ్గి, ముక్కెత్తి, గోడవార నాలుగడుగులు వేసి, గుడ్డ కింద ఠక్కున ఆగింది. గిన్నెలో మూతి పెట్టి గటగటా తాగింది. తర్వాత ముందుకాలితో తలుపు గీకింది.

కోడలు వెళ్ళి తలుపు తీసింది.

"ఏం, కారు తియ్యనా వద్దా?" అన్నాడు కొడుకు.

"తియ్యండి. నన్ను షాపులో దింపాలి."

జిగురక్క ఇంటికొచ్చి నిమ్మగడ్డి కుండీని వెనక వాకిట్లోంచి తీసి, కుక్కల ముక్కుకు తగలకుండా మేడ మెట్ల కిందకు మార్చింది. ఆ రోజునుంచి ఎవరు కుక్కను తెచ్చినా, "దాని పాత గుడ్డ ఒకటి తెండి, ఉతక్కుండా తెండి," అని అడగడం మొదలుపెట్టింది. స్నానం చేయించేచోట ఉతకని గుడ్డ ఏమిటని వాళ్ళు నవ్వుతారు. భర్త మాత్రం ఎప్పటిలాగే, "మావిడ బట్టలుతికే దుకాణంలో పనిచేసి వచ్చిందండీ, ఏది ఉతక్కూడదో ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది," అంటాడు.