అమాలియా వంతు నీళ్లు

అమాలియా వైట్జెల్ మొగుడి శవపెట్టె మీద పిడికెడు మట్టి వెయ్యలేదని ప్లాట్ నది లోయలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజమే. వెయ్యలేదు.

రష్యాలో వోల్గా ఒడ్డు నుంచి వలస వచ్చిన జర్మన్ల పిల్ల. నెబ్రాస్కాలో పెళ్లయ్యాక మొగుడు కోన్రాడ్‌తో కలిసి గడ్డినేల దున్నింది, ఆ మట్టిపెళ్లలతోనే ఇల్లు కట్టింది. చక్కెర దుంప వేశారు. ఆ జూలైలో చినుకు లేదు. ఆకులు నేలకు అతుక్కుపోయాయి. కోన్రాడ్‌ను గుర్రం తన్ని చంపిన మర్నాడే వాళ్ల నీటి వంతు.

వంతు వచ్చినప్పుడు ఆ ఇంటి మనిషి కాలువ తూము దగ్గర నిలబడాలి. ఎవరూ లేకపోతే నీళ్లు కింది పొలానికి పోతాయి. మళ్లీ వంతు తిరిగొచ్చేలోగా దుంప మాడిపోతుంది. మాడితే పొలం వదిలి పోవడమే.

మరిది యాకోబ్ పెట్టెకు మేకులు కొడుతున్నాడు.

"ఈ ఎండకి ఆపలేం వదినా. పాస్టరుగారు మధ్యాహ్నమే అన్నారు."

"నీళ్లూ మధ్యాహ్నమే."

"తూముకి నేను పోతాలే."

"పెట్టె మొయ్యడానికి ఉన్నదే నలుగురు మగాళ్లు. నువ్వు అటు పో."

"జనం ఏమంటారు?"

"అననీ."

నల్ల గౌను కింద కోన్రాడ్ బూట్లు తొడుక్కుంది. వదులయ్యాయి. గుడ్డపేలికలు కుక్కింది. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు.

తూము దగ్గర, వంతు ప్రకారం నీళ్లు వదిలే నీరుగంటి స్ట్రౌడ్ గుర్రం మీద ఉన్నాడు. పక్కనే కింది పొలం షింఫ్, భుజాన పారతో.

"ఇవాళ రావేమో అనుకున్నానమ్మా," అన్నాడు స్ట్రౌడ్.

"నేనైతే ఆశ కూడా పడ్డా," అన్నాడు షింఫ్. "నా దుంపా చస్తోంది మరి."

"పార ఎలాగూ తెచ్చావుగా. నా బోదె గట్టు సరిచెయ్యి," అంది అమాలియా.

స్ట్రౌడ్ నవ్వబోయి, ఆపుకుని, టోపీ తీశాడు. తూము ఎత్తాడు. షింఫ్ కదల్లేదు.

నీళ్లు సాళ్లలోకి పాకుతుండగా పెట్టె ఎక్కించిన బండి బాట మీదికి వచ్చింది. జనం పాడుతున్న పాట పక్కింట్లో పాడుతున్నట్టుగా వినిపించింది. బండి ఆగింది.

"వదినా! ఒక్కసారి దగ్గరికి వచ్చి పో!"

తన పార నేలలో గుచ్చి రెండడుగులు వేసింది. వెనక బుడబుడమని చప్పుడు. ఎలుకబొక్క దగ్గర గట్టు తెగింది, నీళ్లు బాట పక్క గుంటలోకి పోతున్నాయి. బండివైపు చూసింది. నీళ్లవైపు చూసింది. వెనక్కి వచ్చి గడ్డిపెళ్ల ఒకటి తవ్వి కన్నంలో వేసి మడమతో తొక్కింది. కొట్టుకుపోయింది. ఇంకోటి వేసింది. తల ఎత్తేసరికి బాట మీద దుమ్మే ఉంది.

పొద్దు వాలాక యాకోబ్ పొలంలోకి వచ్చాడు. మట్టి చేతులు ఇంకా కడుక్కోలేదు.

"అయిపోయింది వదినా."

"ఇక్కడ ఇంకా కాలేదు," అంది అమాలియా. "అదిగో, మట్టేసి ఆ మడవ కట్టు."