ఉప్పు మడిలో చక్రం గుర్తు

మా నౌపడ ఉప్పు మళ్లలో సైకిల్ తిప్పడానికి పనికొచ్చే నేల ఏడాదికి కొన్నాళ్లే ఉంటుంది. వానలు వెళ్లిపోయి మడిలో బురద ఆరుతున్నప్పుడు ఆడా మగా వరసగా నిలబడి, అడుగు పక్కన అడుగు వేస్తూ పాదాలతో తొక్కుతారు. నేల గచ్చులా బిగుసుకునేదాకా తొక్కాల్సిందే, ఆ తర్వాతే ఉప్పునీళ్లు పెడతారు. లేకపోతే రేపు ఉప్పు గీసినప్పుడు మట్టి కూడా లేచొస్తుంది. నేల గట్టిపడిందో లేదో చూడ్డానికి కొందరు మడమతో పొడుస్తారు. మా నాన్న మాత్రం మా ఇద్దర్నీ కేకేసేవాడు.

"ఒరే గుంటలూ, ఆ పొట్టి సైకిలట్టుకు రండి. ఇద్దరూ ఎక్కి తిరగండి. సక్రం గుర్తు పడిందంటే మల్లీ తొక్కాల."

ఇద్దరంటే నేనూ, మా బావా. చుట్టరికం ఏమీ లేదు. మేం ఉప్పు పండించేవాళ్లం, వాడిది సముద్రం ఒడ్డున పేటలో చేపల వేటకెళ్లే ఇల్లు. బళ్లో ఒకే బెంచీ మీద కూర్చున్న రోజు వాడు మావా అన్నాడు, నేను బావా అన్నాను. అలాగే ఉండిపోయింది. పొట్టి సైకిలంటే బీఎంఎక్స్. ఆమదాలవలసలో పాత సైకిళ్ల షాపు ముందు వేలాడుతుంటే చూసి, ఇద్దరం కలిసి కొనుక్కున్నాం. మడ్‌గార్డు లేదు, బెల్లు లేదు, స్టాండు లేదు. చక్రాల ఇరుసులకి రెండు పక్కలా కాళ్లు పెట్టుకునే ఇనప గొట్టాలు మాత్రం ఉన్నాయి. రైల్లో తెస్తుంటే ఒక పెద్దాయన ఎగాదిగా చూశాడు.

"ఇది సిన్నపిల్లల్ది కదేటి? ఇంతంత మనుసులు దీన్నేటి సేస్తారు? దీనొల్ల ఏటొస్తాది?"

"ఏటీ రాదు తాతా. అందుకే కొన్నాం" అన్నాడు బావ.

అప్పుడు నవ్వాను గానీ, ఆ మాటకి సాటొచ్చేది నాకు ఇప్పటికీ దొరకలేదు. దీనికి గెలిస్తే ఇచ్చే కప్పు లేదు, మార్కులు లేవు, తప్పని చెప్పేవాడు లేడు. ఫోన్లో ఎక్కడెక్కడి కుర్రాళ్లో మెట్ల మీంచీ గోడల మీంచీ దూకడం చూసేవాళ్లం. మా మళ్ల దగ్గర మెట్లెక్కడివి? కనుచూపు మేర బల్లపరుపు. అందుకని ఉన్న నేలని బట్టి మా విద్య మేమే కట్టుకున్నాం. దానికి, బావిలో నీళ్లు తోడే ఏతం పేరే పెట్టాం. నేను ముందు చక్రం గొట్టాల మీద నిలబడి హ్యాండిల్ పట్టుకుంటాను. వాడు సైకిల్ని తోసుకుంటూ పరిగెత్తి, వెనక గొట్టాల మీదికి ఎగిరి నా భుజం పట్టుకుంటాడు. సీటు ఖాళీ, పెడళ్ల మీద ఎవరూ ఉండరు. సైకిల్ గుండ్రంగా తిరుగుతూ ఉండగానే నేను నా వైపు బరువేస్తే వాడు గాల్లోకి లేస్తాడు, వాడు వేస్తే నేను లేస్తాను. "ఒంగు మావా! ఇప్పుడొంగు!" అని వాడు అరిచే అరుపు రైలు గేటు దాకా వినబడేది.

ఉప్పు గాలికి ఇనుము ఎన్నాళ్లుంటుంది? ఒక్క ఏడాదికే సైకిల్ తుప్పు పట్టింది. బావకి తెలిసిన మందు ఒక్కటే. వాళ్ల పడవకి పలాస నుంచి తెచ్చిన జీడిపిక్కల తొక్క నూనె రాస్తారు, ఇక ఉప్పునీళ్లు చెక్కకి అంటవు. పడవని కాచేది సైకిల్‌ని కాయదా అని హ్యాండిల్ నుంచి గొట్టాల దాకా పట్టించేశాడు. జీడి ఒంటికి తగిలితే కాలుతుందని మా వైపు చంటిపిల్లకి కూడా తెలుసు. పడవనైతే రాసి ఎండలో వదిలేస్తారు. సైకిల్‌ని వదలడం మా వల్ల అయ్యే పనా? సాయంత్రానికే ఎక్కేశాం. మర్నాటికి ఇద్దరి అరచేతులూ బొబ్బలు. మా అమ్మ కొబ్బరినూనె రాస్తూ ఇద్దర్నీ కలిపి తిట్టింది.

"పడవకీ సైకిలికీ తేడా తెల్దేట్రా? సదివేస్తే ఉన్న మతి పోనాది!"

బొబ్బలు తగ్గాయి, మచ్చలు మిగిలాయి. నూనె మాత్రం పనిచేసింది. ఆరాక నల్లగా, గట్టిగా అంటుకుని ఇప్పటికీ ఉంది.

తర్వాత బావ, వాళ్ల పేటలో చాలామంది వెళ్లినట్టే, గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీదికి వెళ్లిపోయాడు. ఆగస్టులో వెళ్తే, మళ్లీ వేట ఆపే రోజుల్లో, జూన్‌లో వస్తాడు. వాడొచ్చేసరికి మేం ఉప్పంతా తీసేసి, కుప్పల మీద తాటాకు కప్పేసి ఉంటాం. మొదటి వానకే మడి బురదైపోతుంది. నేల ఉన్నప్పుడు వాడుండడు, వాడున్నప్పుడు నేల ఉండదు. తారు రోడ్డు మీద తిరిగి చూశాం, ఆటోవాళ్లు బూతులు తిట్టారు. స్టేషన్ ప్లాట్‌ఫారం మీద చూశాం, తరిమారు. అప్పటి నుంచీ వాడిక్కడ ఉన్నన్నాళ్లూ మా వసారాలో కూర్చుని, కర్రకి గుడ్డ చుట్టుకుని, సైకిల్‌కి జీడి నూనె రాస్తాడు. వాన పడుతూ ఉంటుంది. తను ఎక్కని సైకిల్‌ని అంత శ్రద్ధగా చూసుకుంటుంటే నేను వాన వైపు తిరిగి కూర్చుంటాను. వాడి మీద కోపం కూడా వస్తుంది. ఎవడు వెళ్లమన్నాడు? తిండి వెళ్లమంది, నాకు తెలుసు.

ఈ ఏడు మడి తయారయ్యాక నేనొక్కణ్ణే తిరిగి చూపించాను. నాన్న పెదవి విరిచాడు.

"ఒక్కడి బరువుకి పరీచ్చేట్రా?"

వెళ్లి పాత ఉప్పు బస్తా తెచ్చి, వెనక గొట్టాల మీద నిలబెట్టి సీటుకి తాడుతో బిగించాడు. "ఇదిగో నీ బావ" అన్నాడు. గట్టు మీదున్న వాళ్లంతా నవ్వారు, నేనూ నవ్వాను. ఎక్కితే తిరిగింది. బరువు కూడా ఇంచుమించు వాడిదే. కానీ బస్తా వాలదు కదా, ముందు చక్రం నేల వదల్లేదు. నేను లేవలేదు. గట్టు మీది మనిషి తీసిన వీడియో బావకి పంపాను. కాసేపటికే వాడు వీడియో కాల్ చేశాడు. రేవులో ఉన్నాడు, వెనక బోటు ఇంజన్ల మోత.

"మావా, ఎవుడ్రా ఆ కొత్త బావ? నాకంటే బుద్దిమంతుడిలాగున్నాడు."

"ఒంగడ్రా. ఎంత తిప్పినా ఒంగడు" అన్నాను.

వాడు మళ్లీ వేళాకోళం ఆడతాడనుకున్నాను. ఆడలేదు.

"సక్రం గుర్తు పడిందేటి? సూపించు."

ఫోన్ నేలకేసి పట్టుకుని, తిరిగిన చోటల్లా నెమ్మదిగా నడిచాను. గుర్తు పడి ఉంటే బాగుండునని నా ఆశ. ఎక్కడో ఒక్కచోట మెత్తగా ఉంటే నాన్న మళ్లీ తొక్కిస్తాడు, ఇంకొన్నాళ్లు మడి ఇలాగే ఉంటుంది. ఆ కొన్నాళ్లలో వాడు రాడని తెలిసే, అలా కోరుకున్నాను.

"ఎక్కడా లేదు. నేల బాగున్నాది. నీల్లు ఎట్టీండి మావా" అన్నాడు బావ.

నాన్న కూడా అదే మాట కేకేశాడు. తాడు విప్పి బస్తాని గట్టు మీద కూర్చోబెట్టి, తూము పలక ఎత్తాను. వాడు ఫోన్ పెట్టెయ్యలేదు. నీళ్లు మడిలోకి పాకి, మేం తిరిగే చోటు మునిగేదాకా ఇద్దరం చూస్తూనే ఉన్నాం.