దుప్పి వేషంలో దావా

అమెరికాలోని పియోరియాలో వెల్డా ష్రోక్ సగం ఊరి పిల్లల్ని స్కూలు బస్సులో మోసిన మనిషి. ఆమె గొంతుండగా ఆ బస్సుకి హారన్ దండగనేవారు. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక, ఒక డోనట్ల కంపెనీ పేరు వాడుకునే హక్కు కొనుక్కుని కొట్టు పెట్టింది. ఊళ్లో ఇంకొకరికి ఇవ్వబోమని కంపెనీ మనిషి కెండ్రిక్ ఒట్టేశాడు. శుక్రవారాలు యజమానే కంపెనీ గుర్తయిన దుప్పి వేషం కట్టాలన్నాడు. సరేనంది.

కొన్నాళ్లకే ఎదురుగా అదే కంపెనీ కొట్టు వెలిసింది. తనకి అమ్మకముందే అది ఖాయమైందనీ, చట్టప్రకారం చెప్పాల్సిన సంగతి దాచారనీ తెలిసి వెల్డా మండిపడింది.

"కోర్టులెందుకమ్మా, వచ్చే వారం మనమే తేల్చుకుందాం" అంటూ కెండ్రిక్ నెలల తరబడి ఫోన్లో తేనె పోస్తూ వచ్చాడు. క్రిస్మస్‌కి పంది తొడ మాంసం కూడా పంపాడు. కోపంగానే వండుకుని తినేసింది.

జనవరిలో ఒక శుక్రవారం లాయరు టిబెట్స్ డోనట్ కోసం వస్తే, వేషంలోనే గోడు వెళ్లబోసుకుంది.

ఆయన నమలడం ఆపేశాడు. "మోసం నీకు తెలిసిందెప్పుడు? ఏడాదిలోపు దావా పడకపోతే ఇక అంతే."

"వాళ్ల కొట్టు తెరిచిన రోజే. వెళ్లి తిట్టొచ్చాను. ఆ సాయంత్రం పేపర్లోనే ఫొటో కూడా పడింది, అదిగో!"

గోడమీది పటంలో తారీఖు చూసి టిబెట్స్ లేచి నిలబడ్డాడు. "కొంప మునిగింది! గడువు ఈ రోజే!"

ఆయన ఆఫీసులో దావా టైపవుతుంటే, వెల్డా వేషం విప్పబోయింది. జిప్పు పట్టేసింది. మంచులో బండి తోలడానికి లాయరు జంకితే, "జరగవయ్యా" అని తనే స్టీరింగ్ పట్టుకుంది, కొమ్ములు కిటికీలోంచి బయటపెట్టి.

కోర్టు గుమాస్తా కిటికీ మూయబోతున్నాడు. "వేషాలతో రాకూడదమ్మా."

"జిప్పు రావట్లేదు నాయనా. నువ్వు రాండీవి కదూ? నా బస్సులో వెనక సీటు, చూయింగ్ గమ్?"

రాండీ నిటారుగా అయిపోయాడు. "అవునండీ."

"ముద్ర కొట్టు."

కొట్టాడు.

గడువు దాటిందని కంపెనీ లాయర్లు వాదించబోయారు. ముద్ర మీది తారీఖూ, పేపరు ఫొటో తారీఖూ పక్కపక్కన పెట్టేసరికి ఆ వాదన వీగిపోయింది. ఒప్పందం రద్దయింది, పెట్టిన సొమ్ము తిరిగొచ్చింది. వెల్డా తన పేరే బోర్డు మీద రాయించుకుంది.

ఆ వారంలోనే ఎదురు కొట్టు లాయిడ్ రోడ్డు దాటి, టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు. ఇన్నాళ్లూ ఇద్దరూ మొహమొహాలు చూసుకోలేదు.

"కెండ్రిక్ నీ సంగతి నాకూ చెప్పలేదు వెల్డా. ఈ ఊళ్లో నేనొక్కణ్నేనని ఒట్టేశాడు. నాకింకా గడువుందంటావా?"

వెల్డా ఆప్రాన్ విప్పి తాళాలు తీసుకుంది. "అది టిబెట్స్ చెప్పాలి. పద, బండెక్కు."