ఉప్పుగూడ నుంచి సముద్రానికి ఆరు సొరుగులు

ఇది సముద్రం మీదికి ఒక వంశం సాగించిన దండయాత్ర కథ. ఇందులో ఓడ ఉంది, తుఫాను ఉంది, ఒక తండ్రి ప్రతిష్ఠ ఉంది, చివర్లో ఒక కోటీశ్వరుడి మానం కూడా కాస్త ప్రమాదంలో పడుతుంది. మహాకావ్యానికి ఇంతకన్నా ఏం కావాలి?

కాకపోతే ఓడ మాది కాదు. తుఫాను మేం ఉప్పుగూడలో తోపుడుబండి మీద తయారు చేసుకున్నది. మిగిలినదంతా ఆరు సొరుగుల సంగతి.

మా బాపు వడ్రంగి. ఉప్పుగూడ స్టేషనుకి అవతల, రేకుల కప్పు కింద మా కార్ఖానా. కార్ఖానా అనగానే పెద్దగా ఊహించుకోకండి. బాపు, నేను, కిషన్‌బాగ్ నుంచి సైకిలు మీద వచ్చే పాలిష్ భాయ్, అంతే. డెబ్బైల చివరి మాట. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ఇంటర్‌లో ఇంగ్లీషు రెండుసార్లు తప్పాను కాబట్టి ఇంట్లో ఇంగ్లీషు వ్యవహారాలన్నీ నావే. మిగతావాళ్లకి ఒక్కసారి తప్పిన అనుభవం కూడా లేదు.

బాపుకి పేరు తెచ్చింది సొరుగు. ఆయన చేసిన అల్మారాలో ఒక సొరుగును లోపలికి నెడితే, లోపలి గాలికి పోయే దారి దొరక్క, పక్క సొరుగు దానంతటదే బయటికి వచ్చేది. అంత బిగువుగా కూర్చేవాడు. అల్మారా అప్పగించేటప్పుడు ఏమీ మాట్లాడకుండా ఒక సొరుగు నెట్టి, చేతులు కట్టుకుని నిలబడేవాడు. రెండోది ఉఫ్‌మంటూ వచ్చేది. అది ఆయన సంతకం. కాగితం మీద పెట్టే సంతకం కూడా వచ్చుగానీ దానికింత శ్రద్ధ చూపించేవాడు కాదు.

ఆ సంతకమే బొంబాయి మేడంని మా దాకా తెచ్చింది. ఆమె డబ్బున్నవాళ్ల ఇళ్లలో గదులు తీర్చిదిద్దే డిజైనరు. చార్మినార్ దగ్గర ఒక బట్టల వ్యాపారి ఇంటికి వచ్చినప్పుడు మా అల్మారా చూసి, సొరుగు నెట్టి, రెండోది బయటికి రాగానే చిన్నపిల్లలా నవ్విందట. మర్నాడే కార్ఖానాకి వచ్చింది. బొంబాయిలో ఒక పెద్దమనిషి సొంతానికి ఓడ కొనుక్కున్నాడు. సరుకు మోయడానికి కాదు, సరదాగా తిరగడానికి. అందులో ఆయన పడకగది మొత్తం మేం చెయ్యాలి. మంచం, రాతబల్ల, గుమ్మం, ఆరు సొరుగుల బట్టల అల్మారా. పని పూర్తయ్యాక ఆమె వచ్చి చూసి సరేనంటేనే లారీ ఎక్కించాలి.

"ఊకెనే తిరగనీకి ఓడనా?" అన్నాడు బాపు, ఆమె వెళ్లాక.

"స్కూటర్ ఖరాబైందేమో బాపు," అన్నాను.

సాయంత్రానికి ఉప్పుగూడ అంతా తెలిసిపోయింది, మా బాపు సొరుగు సముద్రం మీదికి పోతోందని. ఎవరు చెప్పారో కనుక్కోవడం కష్టం కాదు. బాపు ఆ రోజు ఐదు చోట్ల చాయ్ తాగాడు.

మర్నాడు డ్రాయింగులు ముందేసుకుని చదివి చెప్పాను. గుమ్మానికి జానెడు ఎత్తు గడప ఉంది. బాపు మొహం వెలిగిపోయింది.

"చూస్తివా? బొంబాయోళ్లు గడప లేకుండ ఇండ్లు కడుతుండ్రంటివి. ఓడల గూడ పెట్టుకున్నరు."

"అది లచ్చిమి బయటికి పోకుండ కాదు బాపు. నీళ్లు లోపటికి రాకుండ."

"ఏదైతేంది? గడప గడపనే."

రాతబల్లకి చుట్టూ వేలెడు అంచు. అల కొట్టినప్పుడు గ్లాసు జారిపోకుండా. పాలిష్ భాయ్ వంగి చూసి, "కోట్ల రూపాయల ఓడల ఇరానీ హోటల్ ట్రే పెట్టుకుంటుండ్రు ఉస్తాద్," అని తేల్చేశాడు.

మంచం దగ్గర మాత్రం బండి ఆగింది.

"తల ఏ దిక్కు?" అడిగాడు బాపు.

"ఓడ ముందుదిక్కు."

"ముందు అంటే తూర్పా, దక్షిణమా?"

"ఓడ ఎటు పోతే అటు."

బాపు ఉలి కింద పెట్టేశాడు. ముప్పై ఏళ్లలో ఉత్తరం దిక్కు తల వచ్చేలా ఆయన ఒక్క మంచమూ వెయ్యలేదు. రెండు రోజులు పని సాగలేదు. కార్ఖానా మీద శోకం కమ్ముకుంది. అందులో సగం, చాయ్ తెప్పించేవాడు లేక పాలిష్ భాయ్‌ది. మూడో రోజు మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ అమ్మ తీర్పు చెప్పింది: "ఓడ ఉత్తరం దిక్కు మళ్లిందంటే నడిపేటోడు మళ్లిచ్చినట్టు. పాపం గాయనకు తాకుతది. నువ్వు తిను."

బాపు తిన్నాడు. ఆ సాయంత్రమే మంచానికి చెక్క కోశాం.

అసలు తగువు సొరుగుల దగ్గర వచ్చింది. ప్రతి సొరుగుకీ పైనా, రెండు పక్కలా రెండేసి మిల్లీమీటర్ల ఖాళీ వదలమని డ్రాయింగులో రాసి ఉంది. ఓడ ఊగినప్పుడు తెరుచుకోకుండా, కాస్త పైకెత్తి లాగేలా కింద చిన్న మెట్టు పెట్టమని కూడా ఉంది. రెండూ చదివి వినిపించాను.

"ఖాళీనా?" అన్నాడు బాపు. ఆయన్ని ఎవరో తిట్టినట్టు. "ఖాళీ ఎందుకు పెడ్తరు? పని రానోడు పెడ్తడు. అందుకే గా మెట్టు గూడ గావాలె. నా సొరుగుకు మెట్టేంది?"

"గట్లనే రాసిండ్రు బాపు."

"నీ ఇంగ్లీషు రెండుసార్లు తప్పింది గదరా."

సొరుగులు బాపు పద్ధతిలోనే తయారయ్యాయి. మే నెల, రేకుల కింద నిప్పుల కొలిమి, టేకు ఎండి గలగలమంటోంది. ఖాళీలో కాగితం కూడా దూరకుండా కూర్చాడు. ఒకటి నెడితే రెండు బయటికొచ్చేవి.

ఇక పరీక్ష. సముద్రం లేని ఊళ్లో ఓడ ఊగుడు ఎలా తెస్తాం? మేడం వచ్చిన రోజు అల్మారాని తోపుడుబండి మీద కట్టి, సొరుగుల్లో ఇటుకలు నింపి, రైల్వే గేటు దాకా పరిగెత్తించాం. పట్టాల మీద బండి ఎగిరి పడుతోంది. నేను ముందు, భాయ్ వెనక, మేడం చెప్పులు చేతబట్టుకుని పక్కన, ఉప్పుగూడ సగం జనం మా వెంట. గేటు దగ్గర కూరగాయలమ్మే ముసలమ్మ నన్నాపి, "ఎవలు పోయిండ్రు బిడ్డా?" అని అడిగింది.

పట్టాలు రెండుసార్లు దాటాం. ఒక్క సొరుగూ తెరుచుకోలేదు. బాపు బండిని ఆపించి, తాళ్లు విప్పి, ఇటుకలు తీయించి, ఒక సొరుగు నెట్టి చేతులు కట్టుకున్నాడు. రెండోది ఉఫ్‌మంది. మేడం నవ్వింది. ఆ నవ్వులో ఖాళీ సంగతీ, మెట్టు సంగతీ ఆమె కూడా అడగలేదు. వారంలో సామానంతా లారీ ఎక్కింది.

జూలైలో టెలిగ్రాం వచ్చింది. సొరుగులు తెరుచుకోవడం లేదు, యజమాని బట్టలు లోపలున్నాయి, వెంటనే రండి.

చదివి చెప్పాను.

"మంచిదే గద. తెర్సుకోవద్దనే గద చేసినం."

"అల వచ్చినప్పుడు తెర్సుకోవద్దు బాపు. ఆయన వచ్చినప్పుడు తెర్సుకోవాలె."

చిత్రిక సంచిలో వేసుకుని బొంబాయి రైలెక్కాం. అక్కడ గాలిని పిండితే నీళ్లు కారేట్టుంది. ఒడ్డున కట్టేసిన ఓడలోకి మేడం తీసుకెళ్లింది. అంత గొప్ప పడకగదీ మా వంటింటికన్నా చిన్నది. గడప బాగుంది. బల్ల అంచు బాగుంది. మంచం తల ఏ దిక్కుకుందో బాపు చూడలేదు, నేను చెప్పలేదు. యజమాని మంచం మీద కూర్చుని ఉన్నాడు, తుండుగుడ్డ చుట్టుకుని, పైన ఎవరిదో ఖాకీ చొక్కా వేసుకుని. అది ఇంజన్ చూసే అతనిదట.

బాపు ఒక సొరుగు పట్టి లాగాడు. రెండు చేతులతో లాగాడు. కాలు అల్మారాకి తన్ని పెట్టి లాగాడు. ఓడ కదిలినట్టనిపించింది గానీ సొరుగు కదల్లేదు.

చివరికి పై పలక మరలు విప్పి, లోపల చెయ్యి పెట్టి, వెనకనుంచి ఒక్కొక్కటే తట్టి బయటికి తీశాం. యజమాని ముందు ఒక పైజామా అందుకుని, తరవాత మాకు చాయ్ చెప్పాడు. బాపు నేల మీద కూర్చుని చిత్రిక పట్టాడు. ఆరు సొరుగులు, పైనా పక్కలా. పొట్టు ఆయన ఒళ్లో పడుతోంది. నేను ఒక్క జోకూ వెయ్యలేదు, అది నా జీవితంలో అరుదైన పూట కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

అన్నీ బిగించాక ఒక సొరుగు లోపలికి నెట్టి, అలవాటుకొద్దీ చేతులు కట్టుకున్నాడు. రెండోది రాలేదు. ఇంకోసారి నెట్టాడు. రాలేదు. వెళ్లి దాన్ని వేలితో లాగాడు. మెత్తగా వచ్చింది.

"ఇగ తెర్సుకుంటయ్," అన్నాడు. తరవాత సంచిలోంచి చిన్న చెక్కముక్కలు తీసి, మెట్లు కొట్టడం మొదలుపెట్టాడు.

టేకు తడిగాలికి ఉబ్బుతుంది. సముద్రం దగ్గరైతే సొరుగుకి పైనా, పక్కలా రెండేసి మిల్లీమీటర్లు వదలాలి. డ్రాయింగులో రాసే ఉంది.